సర్ నైజెల్ గ్రెస్లీ: ఒక రిటైర్డ్ డ్రైవర్ స్మరణ



ప్రత్యేక సంచికకు రన్నింగ్ స్టాఫ్ తరఫున ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ మన జ్ఞాపకాలు మనకందరికీ తెలిసినవే. అందుకని మన వృత్తిలో ఒక మహానుభావుని జీవితం రాస్తున్నాను. ఆయన మన దేశస్థుడు కాదు. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటింది. అయినా ఆయన గీసిన ఇంజన్లు ఆయన తర్వాత కూడా మెయిన్ లైన్ మీద ప్రయాణికులను లాగాయి. అలాంటి ఒక బండిలో ఎక్కే అదృష్టం నాకు కలిగింది. ఆయనను గురించి చదివినకొద్దీ నా సర్వీసులో నేను దాచిన ఒక విషయం కూడా గుర్తుకొస్తూ వచ్చింది. అది చివర్లో చెబుతాను.

సర్ హెర్బర్ట్ నైజెల్ గ్రెస్లీ 1876 జూన్ 19న ఎడిన్‌బరోలో జన్మించారు. వారి కుటుంబం ఉండేది ఇంగ్లండులోని డెర్బీషైర్ జిల్లా నెదర్‌సీల్ గ్రామంలో. తండ్రి ఆ ఊరి చర్చిలో మతాధికారి. తల్లికి గర్భిణిగా ఉన్నప్పుడు ఆరోగ్యం చెడి, వైద్యుని సలహా కోసం ఎడిన్‌బరో వెళ్ళగా అక్కడ కాన్పు అయింది. తర్వాతి కాలంలో ఆయన పేరు నిలబెట్టిన బళ్ళన్నీ లండన్‌కూ ఎడిన్‌బరోకూ మధ్య నడిచినవే కావడం ఒక చిత్రం.

మతాధికారి కొడుకు కాబట్టి మంచి బడిలోనే చదివారు. మార్ల్‌బరో కళాశాలలో చదువు ముగించి, 17 ఏళ్ళ వయసులో క్రూ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరారు. అక్కడినుంచి హార్విచ్ వర్క్‌షాపుకు వెళ్ళి ఆస్పినాల్ అనే పేరున్న ఇంజనీరు దగ్గర పని నేర్చుకున్నారు. కొంతకాలం బ్లాక్‌పూల్ లోకో షెడ్ బాధ్యత చూశారు. షెడ్‌లో పనిచేసినవారికి నేను చెప్పక్కర్లేదు, అక్కడ నేర్చుకున్నది డ్రాయింగ్ బల్ల మీద దొరకదు. 1901లో ఎథెల్ ఫులాగర్ గారిని వివాహమాడారు. వారికి నలుగురు సంతానం.

1905లో గ్రేట్ నార్తర్న్ రైల్వేలో క్యారేజి, వ్యాగన్ విభాగానికి అధిపతిగా డాంకాస్టర్ చేరారు.  రెండు పెట్టెలకు మధ్య ఒకే బోగీ ఉండేలా పెట్టెలను జతచేసే పద్ధతి ఆయన అక్కడ ప్రవేశపెట్టినదే. బరువు తగ్గింది, కుదుపు తగ్గింది. 1911లో ఐవాట్ గారు రిటైరైతే ఆ స్థానంలో లోకోమోటివ్ సూపరింటెండెంట్ అయ్యారు. పెట్టెల నుంచి ఇంజన్లకు వచ్చిన మనిషి కావడం వల్లనే కాబోలు, ఇంజన్‌ను ఒక్కదాన్నే కాక వెనకున్న బండి మొత్తాన్ని కలిపి ఆలోచించడం ఆయనకు అలవాటు.

పసిఫిక్ ఇంజన్లు

మనం నడిపిన డబ్ల్యు.పి. కూడా పసిఫిక్ ఇంజనే. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. వెనక చక్రాలుండటం వల్ల వెడల్పాటి ఫైర్ బాక్స్ పెట్టుకునే వీలు కలుగుతుంది. గ్రెస్లీ తన మొదటి పసిఫిక్‌ను 1922లో తయారు చేశారు. మూడో ఇంజన్ 1923 ఫిబ్రవరిలో డాంకాస్టర్ నుంచి బయటికొచ్చింది. దాని నంబరు 1472. అదే తర్వాత 4472 అయి, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ ఏడాదే చిన్న రైల్వేలన్నీ కలిసి నాలుగు పెద్ద కంపెనీలు కాగా, అందులో లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వేకు గ్రెస్లీ చీఫ్ మెకానికల్ ఇంజనీరు అయ్యారు. చనిపోయేవరకూ అదే పదవిలో ఉన్నారు.

ఆ ఇంజన్ కొలతలు మన వారికి ఆసక్తిగా ఉంటాయి. పెద్ద చక్రం ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. మన డబ్ల్యు.పి. చక్రం 5 అడుగుల 7 అంగుళాలు. గ్రేట్ వైశాల్యం 41 చదరపు అడుగుల పైన. టెండర్‌లో సుమారు 8, 9 టన్నుల బొగ్గు, 5000 గ్యాలన్ల నీళ్ళు. మనకు రెండు సిలిండర్లుంటే దానికి మూడు. మూడోది చక్రాల మధ్యలో, బయటికి కనిపించకుండా ఉంటుంది. ఆ మధ్య సిలిండర్ వాల్వును ప్రత్యేక గేరుతో కాకుండా, బయటి రెండు వాల్వుల కదలికనే లీవర్ల ద్వారా కలిపి నడిపించే ఏర్పాటు గ్రెస్లీది. ఖర్చు తక్కువ, బరువు తక్కువ. ఆ ఏర్పాటే ఆయనకు కీర్తినీ తెచ్చింది, విమర్శనూ తెచ్చింది.

ఓటమి నుంచి పాఠం

నా దృష్టిలో గ్రెస్లీ జీవితంలో గొప్ప సంవత్సరం 1938 కాదు, 1925. ఎందుకో చెబుతాను.

1924లో లండన్ వెంబ్లీలో జరిగిన ప్రదర్శనలో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పక్కనే మరో కంపెనీ వారి ఇంజన్ నిలబెట్టారు. అది చూడటానికి చిన్నది. కానీ శక్తిలో అదే గొప్పదని ఆ కంపెనీ ప్రకటించుకుంది. మాట పట్టింపు పెరిగి, 1925లో రెండు కంపెనీలు ఇంజన్లు మార్చుకుని పరీక్షించాయి. గ్రేట్ వెస్టర్న్ వారి పెండెనిస్ కాజిల్ లండన్ కింగ్స్ క్రాస్ నుంచి నడిచింది. గ్రెస్లీ పసిఫిక్ ఒకటి వారి లైను మీదికి వెళ్ళింది. రెండుచోట్లా చిన్న ఇంజనే తక్కువ బొగ్గుతో సమయం నిలబెట్టింది. ఇది గ్రెస్లీకి సొంత ఇంట్లో జరిగిన పరాభవం.

తేడా ఎక్కడుందంటే వాల్వుల దగ్గర. గ్రెస్లీ ఇంజన్ వాల్వు కొద్దిదూరమే కదిలేది. కట్ ఆఫ్ తగ్గించి నడపబోతే ఆవిరి లోపలికి పోవడానికీ, బయటికి రావడానికీ దారి చాలక ఇంజన్ ఊపిరాడనట్టు అయ్యేది. అందుకని డ్రైవర్లు ఎక్కువ కట్ ఆఫ్ పెట్టి, రెగ్యులేటర్ సగం మూసి నడిపేవారు. బొగ్గు తగలబడిపోయేది. ఈ లోపాన్ని ఆయన ఆఫీసులోనే పనిచేసే బెర్ట్ స్పెన్సర్ అనే సహాయకుడు ముందే పట్టుకుని, వాల్వు కదలిక పెంచాలని ప్రతిపాదించాడు. గ్రెస్లీ ఒప్పుకోలేదు. పోటీలో దెబ్బతిన్న తర్వాత ఆ ప్రతిపాదననే మళ్ళీ బయటికి తీయించి, ఒక ఇంజన్‌కు అమర్చి చూశారు. ఫలితం కళ్ళారా చూశాక మిగతా పసిఫిక్‌లన్నింటికీ వరుసగా మార్పు చేయించారు.

మైలుకు సుమారు 50 పౌన్లు కాలే బొగ్గు 40 పౌన్లకు లోపుగా దిగింది. ఆఫీసులో కూర్చున్నవారికి ఇది ఒక అంకె. పార పట్టినవాడికి వేరు. పారకు పది పౌన్లు అనుకుంటే మైలుకొక పార తగ్గినట్టు. లండన్ నుంచి న్యూకాసిల్‌కు 268 మైళ్ళు. అంటే ఒక్క ట్రిప్పులో 268 పార్లు, టన్నుకు పైగా బొగ్గు, ఒక ఫైర్‌మన్ నడుం మీదినుంచి దిగిపోయింది. నేను ఆరేళ్ళు ఫైర్‌మన్‌గా చేశాను. ఈ లెక్క వేసుకున్న రోజు చాలాసేపు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

పెద్ద పదవిలో ఉన్న మనిషి, దేశమంతా చూస్తుండగా ఓడిపోయి, కింది ఉద్యోగి చెప్పిందే నిజమని ఒప్పుకుని పని మార్చుకోవడం సామాన్యం కాదు. మనందరం సర్వీసు చేసినవాళ్ళమే. అలాంటి అధికారులను ఎందరిని చూశామో ఎవరికి వారికి తెలుసు. మనం అలా ఉన్నామా అన్నది వేరే ప్రశ్న.

సిబ్బందిని తలచిన ఇంజనీరు

1928 మే 1 నుంచి లండన్, ఎడిన్‌బరోల మధ్య 392 మైళ్ళు, అంటే 631 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగకుండా బండి నడపాలని కంపెనీ నిర్ణయించింది. ప్రయాణ సమయం ఎనిమిది గంటల పైమాటే. ఒక డ్రైవరు, ఒక ఫైర్‌మన్ అంతసేపు పనిచేయలేరు. బండి ఆపకుండా సిబ్బంది మారేదెలా? గ్రెస్లీ టెండర్‌లో ఒక పక్కగా సన్నని నడవా పెట్టించారు. వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 5 అడుగులు. రెండో జట్టు మొదటి పెట్టెలో విశ్రాంతిగా కూర్చుని, సగం దారిలో ఆ నడవాలోంచి ఇంజన్ మీదికి వచ్చి పని అందుకునేది. ఎంత సందులో మనిషి పడతాడో చూడటానికి ఆయన తన ఇంట్లోనే గోడ పక్కన కుర్చీలు వరుసగా వేసి, వాటి మధ్య తానే దూరి చూశారని చెబుతారు. ఆయన భారీ మనిషి. తాను పడితే ఎవరైనా పడతారన్నది లెక్క. నీళ్ళ కోసం ఆగకుండా, పట్టాల మధ్య పొడుగాటి తొట్లలోంచి పరుగులోనే టెండర్‌కు నీళ్ళు తోడుకునేవారు. డ్రైవరుకు, ఫైర్‌మన్‌కు మెత్తని సీట్లు కూడా ఆయన ఇంజన్లలో ఉండేవి. మన రోజుల్లో బల్ల చెక్క మీద గోనె పట్టా మడిచి వేసుకున్నవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

1929లో ఎథెల్ గారు మరణించారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఆయనకు చాలాకాలం పట్టింది. తర్వాత పిల్లలతో సాల్స్‌బరీ హాల్ అనే పాత భవనంలో కాపురమున్నారు. దాని చుట్టూ నీటి కందకం. అందులో అడవి బాతులను పెంచేవారు. ఆయన ఇంజన్లకు పక్షుల పేర్లు రావడం వెనక ఆ ఇష్టం ఉంది. అందరికన్నా వేగంగా పరుగెత్తిన మల్లార్డ్ ఒక జాతి బాతు పేరే.

వేగం

1934 నవంబరు 30న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ గంటకు 100 మైళ్ళ వేగం, అంటే 161 కిలోమీటర్లు, అందుకుంది. కొలతపెట్టెలో నమోదై అందరూ అంగీకరించిన మొదటి నూరు అదే. అప్పటికే జర్మనీలో డీజిల్ బండి ఒకటి వేగంగా నడుస్తోంది. గ్రెస్లీ స్వయంగా వెళ్ళి అందులో ప్రయాణించి వచ్చారు. అలాంటి డీజిల్ బండి న్యూకాసిల్ వరకు ఎంతసేపట్లో పోగలదో జర్మన్ల చేత లెక్క కట్టించారు. నాలుగు గంటల పైన వచ్చింది, అదీ కొద్దిమంది ప్రయాణికులతో. 1935 మార్చిలో ఆయన తన పసిఫిక్‌నే పూర్తి బండితో నడిపించి నాలుగు గంటల లోపే చేయించారు. అప్పుడు పుట్టినవే ముందుభాగం వాలుగా, చేప మూతిలా ఉండే ఎ4 తరగతి ఇంజన్లు. మొత్తం 35 తయారయ్యాయి.

మొదటి ఎ4 సిల్వర్ లింక్. 1935 సెప్టెంబరు 27న పత్రికలవారితో, అధికారులతో ప్రయోగాత్మకంగా నడిచి 112 మైళ్ళు దాటింది. పెట్టెల్లో ఉన్నవాళ్ళు ఊగిపోతూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. ఇంజన్ మీద మాత్రం అంత కుదుపు తెలియడం లేదు. గ్రెస్లీ లేచి తాను పెట్టించిన ఆ టెండర్ నడవాలోంచే ఇంజన్ మీదికి వెళ్ళి, కాస్త తగ్గించమని డ్రైవరుకు చెప్పి వచ్చారు. 1936లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1937లో ఆయన పసిఫిక్‌లలో వందోదానికి ఆయన పేరే పెట్టారు.

1938 జులై 3న మల్లార్డ్. పైకి చెప్పింది బ్రేకుల పరీక్ష. డ్రైవరు జో డడింగ్టన్‌కు 61 ఏళ్ళు, రిటైర్‌మెంటు అంచున ఉన్న మనిషి. ఫైర్‌మన్ టామీ బ్రే. కొలతపెట్టెతో కలిపి ఏడు పెట్టెలు, సుమారు 240 టన్నులు. గ్రాంథం దాటాక స్టోక్ దిగుడులో వేగం 126 మైళ్ళను, అంటే 203 కిలోమీటర్లను, ఒక్క క్షణం తాకింది. ఆవిరి ఇంజన్ వేగానికి ఈనాటికీ అదే రికార్డు. గ్రెస్లీ మాత్రం క్షణకాలం వచ్చిన 126ను లెక్కలోకి తీసుకోకుండా 125 అనే చెప్పుకున్నారు. పెంచి చెప్పుకోగల చోట తగ్గించి చెప్పుకున్నారు.

ఆ పరుగులో మధ్య సిలిండర్ బిగ్ ఎండ్ వేడెక్కి లోహం కరిగింది. లోపల దాగిన బేరింగు కాబట్టి కంటికి కనబడదు. చెయ్యి పెట్టి చూడలేం. అందుకని దానిలో ఘాటైన సోంపు నూనె ఉన్న చిన్న గొట్టం అమర్చేవారు. బేరింగు వేడెక్కితే అది పగిలి వాసన ఇంజన్ మీదికి కొడుతుంది. ఆ వాసన వచ్చింది. ఇంజన్ పీటర్‌బరో వరకు నెమ్మదిగా చేరి ఆగిపోయింది. అక్కడినుంచి బండిని లండన్ చేర్చింది ఐవాట్ గారి కాలంనాటి పాత ఇంజను. కొత్తవాడు రికార్డు సృష్టిస్తే పాతవాడు ఇల్లు చేర్చాడు. మన పెన్షనర్లకు ఇది నచ్చే విషయం.

లోపమూ చెప్పాలి

జీవిత చరిత్ర అన్నాక లోపం దాచకూడదు. మధ్య వాల్వును లీవర్లతో నడిపే పద్ధతి షెడ్‌లో శ్రద్ధగా చూసుకున్నంతకాలం బాగా పనిచేసింది. పిన్నులు అరిగితే, రెండు పక్కల అరుగుదలా కలిసి మధ్య వాల్వు దగ్గర పెరిగి కనిపిస్తుంది. అది అవసరమైనదానికంటే ఎక్కువ కదిలి, మధ్య సిలిండర్ మీద భారం పెరిగి, బిగ్ ఎండ్ వేడెక్కుతుంది. యుద్ధం వచ్చి మనుషులు, సామాను కరువైనప్పుడు ఈ తగవు ముదిరింది. 1942లో ఆయన తర్వాతి అధికారి ఈ గేరుపై బయటివారి అభిప్రాయం అడిగితే, స్టానియర్ గారి తరఫున కాక్స్ అనే ఇంజనీరు పరిశీలించి ప్రతికూలంగా నివేదిక ఇచ్చారు. మనకు ఇక్కడొక సంబంధం ఉంది. 1937లో బీహార్‌లోని బిహ్టా దగ్గర పసిఫిక్ ఇంజన్‌తో నడుస్తున్న బండి పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించాక, మన దేశపు పసిఫిక్ ఇంజన్ల సంగతి తేల్చడానికి వచ్చిన కమిటీలో పనిచేసినవారు ఆ స్టానియర్, ఆ కాక్సే. ఆ చేదు అనుభవం తర్వాత వచ్చినవే 1947 నుంచి మన డబ్ల్యు.పి.లు.

ఈ నివేదిక చూడటానికి గ్రెస్లీ లేరు. గుండె జబ్బుతో 1941 ఏప్రిల్ 5న, పదవిలో ఉండగానే, 64వ ఏట కన్నుమూశారు. పెన్షను తీసుకునే యోగం ఆయనకు లేకపోయింది. నెదర్‌సీల్‌లో ఆయన సమాధి ఉంది. 2016లో ఆయన 75వ వర్ధంతికి కింగ్స్ క్రాస్ స్టేషనులో విగ్రహం పెట్టారు. కాళ్ళ దగ్గర ఒక బాతు కూడా ఉండాలని శిల్పి అనుకుంటే, ఆయన మనవలు గౌరవంగా ఉండదని వద్దన్నారు. బాతు లేకుండానే విగ్రహం నిలిచింది.

మెయిన్ లైన్ మీద పాత ఇంజను

1963లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను సర్వీసు నుంచి తీసేశారు. ఏలన్ పెగ్లర్ అనే ఆయన 3000 పౌన్లకు కొని తుక్కు కాకుండా కాపాడారు. నీళ్ళ తొట్లు ఎత్తేస్తుండటంతో రెండో టెండర్ తగిలించి, 1968 మే 1న మళ్ళీ లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఆగకుండా నడిపారు. అమెరికా తీసుకెళ్ళి అప్పుల పాలై దివాలా తీశారు. మరొకరు కొని 1973లో వెనక్కి తెచ్చారు. 1989లో ఆస్ట్రేలియాలో ఆగకుండా 422 మైళ్ళు నడిచి ఆవిరి ఇంజన్లలో రికార్డు పెట్టింది. 2004లో యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియం కొన్నది. పదేళ్ళ మరమ్మతు తర్వాత 2016 ఫిబ్రవరి 25న లండన్ నుంచి యార్క్‌కు తిరిగి పరుగెత్తింది. చూడటానికి జనం పట్టాల మీదికి రావడంతో దారిలో ఆగవలసి వచ్చింది.

మా అబ్బాయి లీడ్స్‌లో ఉద్యోగం. ఆ తర్వాతి ఒక వేసవిలో మేము వెళ్ళినప్పుడు యార్క్ నుంచి కార్లైల్‌కు ఆ ఇంజన్ లాగే విహారయాత్ర బండికి టికెట్లు తీశాడు. బండి కదలకముందే నేను ప్లాట్‌ఫారం చివరికి నడిచి ఇంజన్ దగ్గర నిలబడ్డాను. వేడి నూనె, బొగ్గు పొగ కలిసిన ఆ వాసన తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడ బొగ్గు నలుసు పడిందేమోనని కొంగు తీసింది. నేను అదేననుకోనిచ్చాను.

పాత ఇంజనే అయినా నడిపేవారు లైసెన్సున్న మెయిన్ లైన్ డ్రైవర్లే. సిగ్నలు హెచ్చరిక పరికరం, వేగం నమోదు చేసే పెట్టె, ఈనాటి ఎయిర్ బ్రేకు అన్నీ దానికి అమర్చారు. గరిష్ఠ వేగం గంటకు 75 మైళ్ళు. పట్టాల మధ్య తొట్లు లేవు కాబట్టి నీళ్ళు స్టేషన్లలో గొట్టంతోనో, లారీ ట్యాంకరుతోనో పట్టుకోవాలి. ఆ నిలుపుళ్ళు టైంటేబులులోనే ఉంటాయి. ముందూ వెనకా మామూలు బళ్ళు వస్తుంటాయి. ఎక్కడ ఆవిరి చాలక నిలబడినా లైనంతా ఆగిపోతుంది. మ్యూజియం వస్తువును నడుపుతున్నామని ఎవరూ దారి ఇవ్వరు. లండన్, యార్క్‌ల మధ్య మామూలు ఎలక్ట్రిక్ బళ్ళే రోజూ 125 మైళ్ళతో పోతాయి. గ్రెస్లీ తనకు ఒప్పుకున్న అంకె ఇప్పుడు నిత్యకృత్యం.

సెటిల్ దాటాక ఎక్కుడు మొదలైంది. వందకు ఒకటి చొప్పున సుమారు పదిహేను మైళ్ళు. అక్కడినుంచి నేను కిటికీ దగ్గరే ఉన్నాను. డబ్ల్యు.పి. చక్రం ఒక తిరుగుడుకు నాలుగు ఊపిర్లు. ఇది మూడు సిలిండర్లది, ఆరు ఊపిర్లు. గేరు అరిగితే ఆ ఆరూ సమంగా పడవు, కుంటుతూ వినిపిస్తాయి. నేను విన్నవి సమంగా పడ్డాయి. రెగ్యులేటర్ బాగా తెరిచి, కట్ ఆఫ్ తగ్గించి నడుపుతున్నాడని శబ్దాన్ని బట్టి తెలిసింది. 1925 ఓటమి తర్వాత వేసిన ఆ వాల్వులు లేకపోతే అలా నడపడం కుదరదు. స్పెన్సర్ మాట ఆ ఎక్కుడులో వినిపిస్తున్నట్టు నాకు అనిపించింది. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన మీదికి వచ్చేసరికి పెట్టెలోని పిల్లలూ పెద్దలూ చప్పట్లు కొట్టారు.

ఆవిరి ఇంజన్ మీద డ్రైవరుకు ముందు బాయిలర్ అడ్డం. తన వైపు మలుపైతే కనబడుతుంది, అవతలి వైపు మలుపైతే సిగ్నలు ఫైర్‌మన్ చూసి చెప్పాలి. అక్కడా అదే, మన దగ్గరా అదే. ఒకరి కన్ను, ఒకరి ముక్కు, ఒకరి చెవి ఇంకొకరికి అరువు ఇస్తేనే బండి నడుస్తుంది.

దాచిన విషయం ఇదీ. నేను కొత్తగా ప్యాసింజరు డ్రైవరునైన రోజుల్లో ఒక రాత్రి డబ్ల్యు.పి. మీద పోతుండగా నా రెండో ఫైర్‌మన్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, కాలిన వాసన వస్తోందని చెప్పాడు. అప్పటికే బండి లేటు. బొగ్గు వాసన తెలియదా అని నేను కసిరాను. కాసేపటికి మళ్ళీ చెప్పాడు. నేను నోరు మూసుకోమన్నాను. మరో పది మైళ్ళు పోయాక టెండర్ యాక్సిల్ బాక్స్ లోంచి మంట కనిపించి బండి ఆపాను. సహాయ ఇంజన్ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. నా రిపోర్టులో వేడిని నేనే గమనించి బండి ఆపినట్టు రాశాను. సకాలంలో గుర్తించినందుకు నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది. ఆ కుర్రాడు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా నాతో ఎన్నో ట్రిప్పులు చేశాడు. నేను ఏమీ అనలేదు.

గ్రెస్లీ కూడా మొదట వినలేదు. కానీ తర్వాత విన్నారు, విన్నట్టు ఇంజన్ల మీద రాసి చూపించారు. నేను ఆ రెండో పని చేయలేదు. ఆ అబ్బాయి కూడా ఇప్పుడు పెన్షనరే, ఈ సంచిక అతని ఇంటికీ వెళుతుంది. అతని అనుమతి లేకుండా పేరు రాయడం లేదు. ఆ రాత్రి బండిని కాపాడిన ముక్కు అతనిది, కాగితం మీద పడిన పేరు మాత్రం నాది. ఆ కాగితం ఇంకా నా పెట్టెలో ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశానికి తీసుకొస్తాను, అందరి ముందూ అతని చేతికిస్తాను.

మల్లార్డ్ యార్క్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎ4లలో మొత్తం ఆరు మిగిలాయి. గ్రెస్లీ గారి పేరు పెట్టిన ఇంజన్‌ను కూడా అభిమానులు బాగుచేసి 2022లో మళ్ళీ మెయిన్ లైన్ ఎక్కించారు. మన దేశంలోనూ 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ను 1997లో ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు యాత్రికులతో నడిపి, పాతవాటిని గౌరవించడం మనకూ తెలుసునని చూపారు. మనవలను తీసుకెళ్ళగల సభ్యులు ఢిల్లీ రైలు మ్యూజియం చూపించండి. ఇంజన్ల పక్కన నిలబడి, అందులో ఇద్దరు ముగ్గురు కలిసి ఎలా పనిచేసేవారో చెప్పండి.